‘గ’ ఎట్ల గురువైంది

న్యాక్ వాళ్ళు వచ్చేలోపల
లెక్చరర్లందరికీ తలా ఒక పేజీ ఉండాలన్నారు ప్రిన్సిపాల్ మేడమ్.
చిత్తూరులో మా కాలేజీ ల్యాబు:
కంప్యూటర్లు పది, పలికేవి ఏడు.
మేము నలుగురం. నేను, నస్రీన్, గజేంద్ర,
పల్ప్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
చేతులకింకా తోతాపురి వాసనతో వచ్చే మునికృష్ణ.

ఎకనామిక్స్ సారుకు ఫొటో పెద్దదిగా కావాల.
ఫిజిక్స్ మేడమ్ లోలకం ఊగాలంది, ఊపినాం;
ఆగమంటే ఆగలేదు, రెండు రోజులు అట్లే ఊగింది.
తెలుగు చెంగల్రాయులు సారొక్కరే
ఏమీ అడగలేదు.
"నాకెందుకబ్బా పేజీ,
ఈ నెలాఖరుకు నేనే ఉండను గదా" అన్నారు
జేబులో సుద్దముక్క తడుముకుంటా.

నస్రీనే ధైర్యం చేసింది:
పద్యం టైపు చేస్తే చాలు సార్,
గురువు, లఘువు అదే విడగొట్టి చూపిస్తాది.
ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు.
"అదే చూపిస్తే మరి పిల్లోళ్ళేం చేస్తారు?"
జవాబు లేదు మా దగ్గర.

అయినా నియమాలు చెప్పినారు, బోర్డు మీద రాసినట్టే.
ఒక్కొక్కటీ కోడులోకి దించుకున్నాం.
దీర్ఘముంటే గురువు.
సున్న ఉంటే గురువు.
పొల్లు ఆనుకుంటే గురువు.
ఇంటర్లో రెండు మార్కుల కోసం బట్టీ కొట్టి
పరీక్ష హాలు గేటు కాడే వదిలేసినవన్నీ
మిషనుకు చెప్పాల్సొచ్చేసరికి
మాకే తెలీదని తెలిసింది.

మొదట వేసింది నా పేరే. తు, ల, సి.
మూడు నిలువు గీతలు, సన్న చినుకుల మాదిరి.
సారు నవ్వినారు:
"నీ పేరులో ఒక్క గురువూ లేడే తులసమ్మా!"
అందరూ నవ్వినారు. నేనూ.

తర్వాత ఆయన పేరు.
చెం గురువు. ల్రా గురువు. యు, లు లఘువులు.
నడిమధ్య ‘గ’ కాడ తెర లఘువంది.
"దీర్ఘం లేదు, సున్న లేదు, లఘువే గదా సార్"
గజేంద్ర వాదించినాడు.
సారు చూపుడువేలు తెరమీద ఆనించి
(ఆ సుద్దపొడి మరక ఈరోజుకీ తుడవలేదు మేము)
"వాడొక్కడే నిలబడితే లఘువే నాయనా.
వెనక ‘ల్రా’ వచ్చి నిలబడింది చూడు.
ఆ జంట బరువు ముందోడి మీద పడతాది.
‘గ’ గొప్పేం లేదు ఇందులో."

రాత్రికి రాత్రే మునికృష్ణ ఆ నియమం రాసినాడు.
తెల్లారి చూస్తే
మాటకూ మాటకూ మధ్య ఖాళీ దాటి
పక్కమాట బరువు కూడా ముందుమాట మోస్తా ఉంది.
ఏ పద్యం వేసినా గణాలు కుంటతా నడిచినాయి.
"వేరే మాట బరువు మనకంటదు.
సమాసమై కలిసుంటేనే అంటేది."
కలిసినారో లేదో మిషనుకెట్ల తెలుస్తాది సార్?
"మనకే తెలీదు, చానాసార్లు."

అందుకే అక్కడొక చిన్న బటన్ పెట్టినాం.
ఇవి రెండు మాటలా, ఒకటేనా? అని
పద్యం ఆగి, చదివే పిల్లోళ్ళను అడుగుతాది.
సారు దాన్ని మూడుసార్లు నొక్కి చూసుకున్నారు.
ఏమీ అనలేదు. టిఫిన్ క్యారియర్ తీసుకుని
క్లాసుకు పోయినారు.

న్యాక్ వాళ్ళు లోలకం చూసి పోయినారు.
జూన్ ముప్పై. శాలువా, గ్రూప్ ఫొటో,
కట్టమంచికి ఆటో.
ఫ్యాక్టరీ ముందర మామిడి లారీలు వరస కట్టి
ఆ ఆటో గంటసేపు కదల్లేదంట.
తెలిసుంటే పోయి మాట్లాడేవాళ్ళం.

మర్నాడు ల్యాబులో ఎవరూ లేరు.
యూపీఎస్ ఒకటే కీచుమంటా ఉంది.
పెట్టెలో మళ్ళీ నా పేరు కొట్టినా,
ఈసారి ఆయన పిలిచినట్టు.
తు, గీత.
ల, గీత.
‘స’ కాడ తెర కొంచెం ఆగి
గీతను వంచి గురువు చేసింది.

‘స’ గొప్పేం లేదు ఇందులో.