వంకర తీసిన మేకులు

ఇవాళ నలభయ్యో రోజు.
గోధుమలు ఉడికాయి, దానిమ్మ గింజలు వలిచాను.
పైన చక్కెర పరిచి నీ పేరులో మొదటి అక్షరం దిద్దుతుంటే
కిందినుంచి మనవడు అరిచాడు:
"నానమ్మా, ఈ డబ్బాలు పారేయనా?"

పాలపొడి డబ్బాలు, పదకొండు.
నిండా మేకులు.
ప్రతిదీ ఒకప్పుడు వంగినదే,
నువ్వు సిమెంటు మెట్టు మీద పెట్టి
సుత్తితో బుజ్జగించి తిన్నగా చేసినదే.
వద్దురా అన్నాను. ఎందుకో వాడికి చెప్పలేకపోయాను.
నీకు చెబుతాను సకెలారిస్,
నువ్వు ఎలాగూ మధ్యలో మాట్లాడవు.

కాలిమ్నోస్ దీవిలో స్పాంజి కోసం మునిగేవాళ్ళు మీరు.
పడవ మీద ఒకడు తాడు పట్టుకోవాలి.
ఒకసారి లాగితే, బాగున్నాను.
రెండుసార్లు లాగితే, పైకి తియ్యి.
ఒక వేసవిలో నీ తమ్ముడు దిగాడు, తాడు నీ చేతిలో ఉంది.
నువ్వు కంగారులో గబగబా లాగేశావు.
వాడు బతికాడు. కాళ్ళు మాత్రం కిందే ఉండిపోయాయి.
ఈ సంగతి నాకు చెప్పడానికి
నీకు పంతొమ్మిదేళ్ళు పట్టింది.

డార్విన్‌లో ముత్యపుచిప్పలకి మంచి ధరని ఎవరో చెప్పారు.
నువ్వు ఆస్ట్రేలియా చేరేసరికి
లోకం ప్లాస్టిక్ గుండీలు పెట్టేసుకుంది.
నీటి మనిషివి, ఇళ్ళ కప్పులెక్కావు.

ఫోటో చూసి ఒప్పుకున్నాం ఇద్దరం.
నీ వెనకున్న కారు నీది కాదని
రేవులో దిగాక తెలిసింది. చొక్కా కూడా కాదు.
జేబు మీద "కెవిన్" అని కుట్టి ఉందని
పక్కనున్నామె చదివి చెబితే
తప్పు మనిషి దగ్గరికొచ్చానేమోనని ఏడ్చాను.
నువ్వు నవ్వావు. ఆ విరిగిన పన్ను ఫోటోలో లేదు.

ఇక్కడా సముద్రముంది. వెచ్చగా, మెత్తగా,
లోపల మొసళ్ళు, విషపు జెల్లీచేపలు.
ముప్పై నిలువుల లోతు చూసినవాడివి
మోకాలు తడవకుండా నలభై ఏళ్ళు గట్టున కూర్చున్నావు.
పిల్లలడిగితే, "దానికీ నాకూ మాటల్లేవు" అనేవాడివి.

చర్చి విందుల్లో బల్ల కింద
నా గౌను అంచు ఒకసారి లాగేవాడివి: బాగుంది, కూర్చో.
రెండుసార్లు: ఇంటికి పోదాం.
"ఈ సుత్తంటే నాకు ప్రాణం" అన్నావొకసారి.
ఆ రాత్రి నీకు అన్నం పెట్టలేదు, గుర్తుందా?

డెబ్బై నాలుగు. క్రిస్మస్ ముందు రాత్రి, తుఫాను.
పిల్లల్ని స్నానాల తొట్టెలో పడుకోబెట్టి
పైన పరుపు కప్పి, ఆ పైన నువ్వు.
"ఊపిరి బిగబట్టండి, నూరు లెక్కపెట్టండి,
నూరయ్యేసరికి తగ్గుతుంది" అన్నావు.
ఎన్ని నూర్లో.
తెల్లారి చూస్తే తొట్టె ఉంది, ఇల్లు లేదు.

నువ్వు కప్పు వేసిన ఇళ్ళు నలభై మూడు.
వీధి వీధీ తిరిగి లెక్క చూసుకున్నావు.
సాయంత్రం ఏమీ అనకుండా వచ్చి
జేబుల్లోంచి వంకర మేకులు కుప్ప పోశావు.
ఆడవాళ్ళనీ పిల్లల్నీ దక్షిణానికి విమానాలెక్కిస్తుంటే
నువ్వు రానన్నావు.
అడిలైడ్‌లో ఎనిమిది నెలలు నీ ఉత్తరాల కోసం చూశాను.
అన్నింట్లో ఒకటే ముక్క: బాగున్నాను.
ఒక్క లాగు.

ఆసుపత్రిలో నర్సుపిల్ల "ఊపిరి తీసుకో తాతా" అంటే
పంతానికి బిగబట్టావు.
నలభై దాకా లెక్కపెట్టి, నీ ఎనభై ఏళ్ళ వయసుకి సిగ్గులేదా అని తిట్టాను.
అప్పుడు నా చేతి అంచు పట్టుకుని
రెండుసార్లు లాగావు.

సరే, ఇంటికి. ఏ ఇంటికి?
వంగి అడిగాను. చెవి నీ నోటి దగ్గరే పెట్టాను.
తమ్ముడి దగ్గరికా, ఎగిరిపోయిన దానికా,
ఇదిగో ఈ పింక్ టైల్స్ దానికా?
లేక ఇంటికని కాదేమో. పాత అర్థమేమో.
అలాగైతే, పైకి లాగడం నాకెవరు నేర్పారు?

చక్కెర మీద నీ అక్షరం కొంచెం వంకరపోయింది.
కింద చప్పుడు. డబ్బా మూత తీసి వాడు
చిలకల పెట్టె ఏదో చేస్తున్నాడు.
మొదటి దెబ్బకే మేకు వంగినట్టుంది, ఆగిపోయాడు.
నేనేమీ అనలేదు.
మెట్టు మీద పెట్టి ఎలా కొట్టేవాడివో
ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ నేర్చుకోలేదు.