ఒక గొట్టం వేడి, ఒక గొట్టం చల్లన

పదిహేడేళ్ళుగా
మద్దిలపాలెం మేడల్లో, సీతమ్మధార ఎత్తుల్లో
గీజర్లు విప్పుతున్నాను.
కదలని గోడకి ఆనుకుని పనిచేయడం అలవాటు.
ఇవాళ మొదటిసారి
నేల కూడా నాతో పాటు ఊగింది.

"పడవలో వేడినీళ్ళు రావట్లేదమ్మా, వస్తావా?"
పడవలో గీజరేటని నవ్వాను.
నవ్వుతూనే మీటరు, రెండు రెంచీలు,
కొత్త ఎలిమెంటు ఒకటి, తెల్ల టేపు చుట్ట
సంచిలో వేసుకుని
ఫిషింగ్ హార్బర్ ఆటో ఎక్కాను.

ట్రాలర్లు, ఐసు బుట్టలు, వలల గుట్టలు,
వాటి పక్కన ఒకే ఒక్క తెరచాప పడవ,
ఇస్త్రీ చొక్కాతో రేవులోకి దిగిన గుమాస్తాలా.

హైమవతి గారు చెయ్యందించారు.
షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు ఓడల బొమ్మలు గీశారట,
గీసినవేవీ ఎక్కలేదట.
రిటైరయ్యాక ఇది కొన్నారు.
పోర్ట్ బ్లెయిర్ నుంచి తొమ్మిది రోజులు,
తోడొచ్చిన తమ్ముడు రేవు తగలగానే బస్సెక్కేశాడు.
ఆవిడ జడలో ఉప్పు
చెక్క మీద ఎండిన సున్నంలా తెల్లగా ఉంది.

మెట్ల కింద, మంచం పలక ఎత్తితే
గుండిగంత డ్రమ్ము.
బోర్లా పడుకుని టార్చి పళ్ళతో పట్టుకున్నాను.
దీనికి రెండు పుట్టిళ్ళట:
రేవులో ఉంటే కరెంటు,
సముద్రంలో ఉంటే ఇంజను.
ఇంజను ఒంట్లో తిరిగే నీళ్ళు
ఈ డ్రమ్ము కడుపులోని చుట్టలోకొచ్చి
వేడి అప్పజెప్పి వెనక్కి పోతాయి.
రెండూ ఒకేసారి అలిగాయి.

ముందు కరెంటు.
స్విచ్చి వేస్తే టప్‌మని పడిపోతోంది.
రేవు తీగ పీకేశాను. ఒకటికి రెండుసార్లు మీటరు పెట్టి చూశాను
(తడిసిన పడవలో ధైర్యం పనికిరాదు).
నీళ్ళు దింపి ఎలిమెంటు లాగితే
తొడుగు పగిలి, పగుల్లో పాచి.
కొత్తది బిగించి,
డ్రమ్ము నిండేదాకా స్విచ్చి మీద నా చెయ్యే అడ్డం పెట్టాను,
ఎండలో వదిలిన అట్లపెనంలా మాడిపోతాదని.

ఒక అలక తీరింది.

ఇంజను అరగంట తిప్పాం. డ్రమ్ము మాట్లాడలేదు.
నాకా కడుపులో పొద్దున్న తిన్న ఉప్మా తిరుగుతోంది.
పంపు చూశాను, తిరుగుతోంది. క్లిప్పులు చూశాను, బిగువే.
అప్పుడు మీటరు పక్కన పెట్టి
రెండు గొట్టాల మీద రెండు అరచేతులు పెట్టాను.
ఒకటి వేడి.
ఒకటి చల్లన.

"పోర్ట్ బ్లెయిర్లో ఇంజను నీళ్ళు మార్పించారా?"
"మార్చారు. నీకెలా తెలిసింది?"

వెంకోజీపాలెంలో మూడో అంతస్తు శేషారత్నం గారింట్లో
ఇదే జబ్బు, ట్యాంకు కడిగిన ప్రతిసారీ.
పోసేటప్పుడు నీళ్ళతో పాటు ఒక గుక్క గాలి దూరుతాది.
దూరినది ఎత్తైన వంపు చూసుకుని కూచుంటాది,
కదలమంటే కదలదు.
గాలికి అంత బలమా అంటారు జనం.
నీళ్ళని ఆపడానికి బండే అక్కర్లేదు.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి,
పైవంపు క్లిప్పు వదులు చేశాను.
స్‌స్‌స్...
ఎన్నాళ్ళో పట్టి ఉంచిన మాట
ఎవరూ అడక్కుండానే బయటికొచ్చినట్టు.
తర్వాత దగ్గు. తర్వాత ఆకుపచ్చ చుక్కలు
నా మోచేతి మీదుగా, జాకెట్టు మీదుగా.
తగ్గినంత పోసి, బిగించి, మళ్ళీ తిప్పాం.
రెండో గొట్టం నెమ్మదిగా,
జ్వరం వస్తున్న పిల్లాడి నుదురులా
వెచ్చబడింది.

బయట డాల్ఫిన్స్ నోస్ మీద దీపం వెలిగే వేళ.
కుళాయి తిప్పితే ముందు తుప్పు, తర్వాత ఆవిరి.
స్నానానికి ఆవిడ పరిగెడతారనుకున్నాను.
మగ్గు పట్టుకుని నా దగ్గరకొచ్చి
"చేతులు చాపు నూకరత్నం" అన్నారు.

గ్రీజు కరుగుతూ జారిపోయింది.
ఇన్ని ఇళ్ళలో వేడి తెప్పించాను,
మొదటి నీళ్ళు ఎవరూ నాకు పొయ్యలేదు.
మా ఇంట్లో గీజరు లేదు. ఆ సంగతి చెప్పలేదు.
"మీటరు కాస్త తుడవనా?" అన్నారు.
"వద్దండి, అది తడవకూడదు" అన్నాను,
చేతులు మాత్రం
ఇంకాసేపు అక్కడే ఉంచి.