నాలుగు బేరింగులు

వెయ్యిన్ని ఐదు నూర్లు.
రాగి వైరు తుక్కు అమ్మినప్పుడల్లా
గ్రీజు డబ్బాల ఏసుకుంట వచ్చిన పైసలు.
బస్సు ఫ్రీయే. అయినా కోఠిలనే దిగి
బేగంబజార్ దాక నడిచిన.
మనసు మారాలనుకుంటే
దానికీ కొంత దారి ఇయ్యాలె గద.

మారలేదు.

తాళ్ళు, వలలు, సీసం గుండ్లు,
గాజు సీసాల నోళ్ళు తెరిచిన ప్లాస్టిక్ కప్పలు.
"ఏ చాపకమ్మా?" అన్నడు మొహసిన్ సాబ్,
"కొర్రమట్టకా, బొచ్చెకా?"
"ట్రౌట్‌కు."
కండ్లద్దాలు తీసిండు, తుడిచిండు, మళ్ళ పెట్టుకున్నడు.
"మూసీల దొరకదు."
"తెలుసు."
"గండిపేటల గూడ..."
"తెలుసు సాబ్. మీరు రీళ్ళు చూపియ్యిరి."

మొదటిది బంగారు రంగు.
పదమూడు బేరింగులంట, తొమ్మిది నూర్లేనంట.
పిడి తిప్పి చెవి కాడ పెట్టుకున్న.
రాణిగంజ్‌ల పందొమ్మిదేండ్ల సంది
పంపులు, కూలర్లు, పిండి గిర్నీలు
చచ్చిపోయే ముందు ఏం మాట్లాడ్తయో ఇంటున్నదాన్ని.
లోపట ఎవరో ఇసుక నములుతున్నరు.
పదమూడు అట్ట మీద ఉన్నయి.

రెండోది మూడు వేల తొమ్మిది నూర్లు.
తిప్పితే తిరిగినట్టే లేదు,
నెయ్యిల గరిటె.
చెయ్యి అలవాటు పడక ముందే
పెట్టెల పెట్టేసిన.

మూడోది కింది అరల నుంచి వచ్చింది, దుమ్ముతోని.
నలుపు. మెరుపు లేదు. బేరింగులు నాలుగే.
వెనక్కి తిప్పి చూసిన, ఊగలేదు.
స్పూలు అంచు మీద గోరు నడిపిన,
ఎక్కడా ఆగలేదు. సన్న దారం కోసుకపోయేది ఆడనే.
మీది బిళ్ళ వదులు చేసి దారం గుంజిన:
ఝట్కా లేదు,
అలిగిన మనిషి మెల్లగ మాట కలిపినట్టు
వస్తనే ఉంది, వస్తనే ఉంది.

"చాప గుంజినప్పుడు ఇయ్యాలె దీదీ,
ఇస్తనే పట్టుకోవాలె"
అని చెప్పినోడు టీకమ్.
హోటల్ లిఫ్టు మోటార్లు నా దగ్గరికి మోసుకొచ్చేటోడు.
ఇప్పుడు కులూ దాటినంక వాళ్ళ ఊర్ల
రేడియో, మిక్సీ బాగు చేస్తున్నడు.
తీర్థన్ నదిల నిలబడితే
మోకాళ్ళకు మోకాళ్ళున్నయన్న సంగతి యాదికుండదంట.
చాపకు ఒంటి నిండ పొడలంట,
ఎవరో ఎర్ర ఇంకు చిలకరించినట్టు.
"చిన్న రీలు తెచ్చుకో, తేలికది,
పొద్దుగూకేసరికి మణికట్టు తిట్టుకోవద్దు."

సాబ్ గింత దారం చుట్టి చూపిచ్చిండు.
చుట్టు పక్కన చుట్టు, చుట్టు పక్కన చుట్టు.
నేను చుట్టే కాయిల్ల తీగ మీద తీగ ఎక్కితే
మోటారు కాలుతది, మాట పడాలె.
ఈడ ఏం కాలుతది?
దారం చిక్కువడ్తది. గట్టు మీద కూసొని ఇప్పుకుంట.
అట్ల కూసునేటందుకే గద ఈ ఖర్చంత.

"పదహారు యాభై."
తల ఎత్తి పైకి చూసిన.
"సాబ్, మీ ఫ్యాను బుష్ పోయింది.
ఇంకో పది దినాలు తిరుగుతది."
ఆయన గూడ చూసిండు.
ఇద్దరం కొంచెంసేపు ఆ కిర్రుకిర్రు ఇన్నం.
పద్నాలుగు నూర్లకు ఒప్పుకున్నడు,
దారం కలిపి,
ఫ్యాను నేను మోసుకపోవాలె.

ఒక చేతిల ఫ్యాను, సంచిల రీలు.
ఈసారి బస్సెక్కిన.

చిలకలగూడ, మిద్దె మీద, రాత్రి పది.
కొనకు గాలం లేదు, పది నంబరు నట్టు కట్టిన.
ఆ మూలకు రంగు డబ్బా.
ఇసిరితే అందుల పడాలె.
నిన్న డిష్ యాంటెన్నకు చుట్టుకున్నది.
మొన్న కింది పోర్షన్ పర్వీన్ ఆరేసిన దుప్పటికి.

టికెట్టు వెయిటింగ్ నలభై ఒకటి ఉండె,
పొద్దున చూస్తే ముప్పై ఎనిమిది.

వేలు మీద దారం పట్టి, తీగ ఎత్తి
ఇసిరిన.
నీళ్ళ ట్యాంకుకు తగిలింది, ఠంగ్ అని.
"ఎవరది?" కింది నుంచి పర్వీన్.
"నేనే" అన్న,
మెల్లగ చుట్టుకుంట.