రొట్టెల బండి

వ్యాన్ పక్కన పాత అక్షరాలు ఇంకా చెరగలేదు:
'ఎర్మినియో - వేడివేడి రొట్టె.'
రంగు వేయిద్దాం అన్నాడు రెనాతో.
ఉన్న డబ్బు పెట్రోలుకే సరిపోయింది.

చిలీ పొడుగునా దక్షిణానికి,
సముద్రాన్ని కుడిచేతి పక్కన కూర్చోబెట్టుకుని
చెడిపోని ఊరొకటి వెతుకుతున్నాం.
చెడిపోవడమంటే ఏమిటో మాకూ సరిగ్గా తెలీదు.
హోటల్ ఉండకూడదన్నాను.
సర్ఫింగ్ పలకలు అద్దెకివ్వకూడదన్నాడు.
పొద్దుగుంకడం చూడ్డానికి టికెట్టు ఉండకూడదు.
షరతులు పెరిగేకొద్దీ
మ్యాపులో ఊళ్లు తరిగిపోయాయి.

మొదటి ఊళ్లో, హోటల్ నెత్తిన నియాన్ పీత
డెక్కలాడిస్తూ రమ్మంది.
మొహం తిప్పుకుని వచ్చేశాం.
రెండో ఊరు బాగానే ఉంది గానీ
మాలాంటి వ్యాన్లే పదకొండు,
ఒకదాన్ని చూసి ఒకటి చిరాకుపడుతూ.

తారు అయిపోయింది. తర్వాత కంకర.
కంకర తర్వాత ఎర్రమట్టి.
రెండో గేరు పడనంటే పడనని మొండికేసింది.
మంచులోంచి ఒక కొండ,
కొండ కింద పన్నెండు రేకుల కప్పులు,
ఆ కింద తెల్లగా విరిగిపడుతూ నీళ్లు.
ఇదే, అన్నాడు రెనాతో, గుసగుసగా,
గట్టిగా అంటే ఎగిరిపోతుందేమో అన్నట్టు.

ఇంజను ఆగీ ఆగకముందే
సంచులు పట్టుకుని వచ్చారు జనం.
పిల్లలు, ఒక కుంటికుక్క, జుట్టుకి రోలర్లు చుట్టుకున్న ఒకావిడ.
'ఎన్నున్నాయి?'
రొట్టెల్లేవండీ, అన్నాను.
అంత చిన్నమాట
నోట్లో ఎంత లావైపోయిందో.
సంచులు మడుచుకుని వెళ్లిపోయారు.
కోపమైనా పడలేదు.

క్లోరిందా ఒక్కతే ఉండిపోయింది.
ఆమె వాకిట్లో సముద్రపు నాచు ఎండుతోంది,
కొచాయుయో, తోలు బెల్టుల్లా, కట్టలు కట్టలుగా.
ఎంత అందంగా ఉందండీ మీ ఊరు, అన్నాడు రెనాతో.
అతను చూస్తున్నదేమిటా అని
ఆమె కూడా అటు తిరిగి చూసింది.
'నవంబరు నుంచి బస్సు రావట్లేదు,' అంది.

వాళ్ల నాన్న ఎడ్లబండి మీద పదిహేను రోజులు వెళ్లేవాడట
ఈ నాచు అమ్మి గోధుమపిండి తేవడానికి.
బండి కింద పడుకుంటే
ఎడ్ల నెమరు సముద్రంలా వినిపించేదట.
'మీరెటు?'
దక్షిణం చూపించాం.
'నాకు ఉత్తరం,' అని
కట్టలు ఎక్కించడం మొదలెట్టింది.

నలభై కట్టలు. మా పరుపు మీద, పొయ్యి మీద,
సగం చదివిన నా పుస్తకం మీద.
ముందు సీట్లో ఆమె, నాచు మీద నేను.
వదిలించుకున్న దారంతా
వెనక నుంచి మొదటికి చదువుకుంటూ వెళ్లాం.

నియాన్ పీత దగ్గర 'ఆపు' అంది.
నడిరోడ్డు మీద దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని
చాలాసేపు చూసింది దాన్ని.
'దీనికి ఒక కాలు తక్కువ,' అంది. నిజమే.
కట్టలన్నీ బేరమాడి అమ్మి
ఐస్‌క్రీమ్ కొనుక్కుని
ఆ హోటల్ లిఫ్టులో మూడుసార్లు ఎక్కి దిగింది.
మేమూ ఎక్కాం, తప్పక.
ఆరో అంతస్తులో అద్దానికి నుదురానించి అంది:
'అదే సముద్రం.
గొంతు తీసేశారు.'
జాలిగా అనలేదు. రేడియో సౌండు తగ్గించినట్టు అంది.

పొద్దున బేకరీలో
మా మూడు రోజుల పెట్రోలు డబ్బుకి
ఎనభై రొట్టెలొచ్చాయి.
కొండ దిగేసరికి సాయంత్రమైంది.
ఈసారి హారన్ కొట్టాడు రెనాతో, సిగ్గుపడుతూ.
సంచులొచ్చాయి. కుక్కా వచ్చింది.
ఒక ముసలాయన రొట్టెని బొటనవేలితో నొక్కి
'పొద్దుటిది,' అని
ఒక నాణెం తగ్గించి ఇచ్చాడు.

క్లోరిందా ఏప్రాన్ అంచు తడిపి
ఎర్మినియో పేరు మీది మట్టి తుడుస్తోంది.
'గురువారం వస్తారా?' అంది రోలర్లావిడ.
రెనాతో నా వైపు చూశాడు.
నేను టైర్ల వైపు చూశాను.