ఎడమకాలికి పని

పాలవ్యాను తోలిన కాలు అది.
ముప్పై ఏండ్లు, తెల్లారుజామున మూడింటికి
పూతలపట్టు నుంచి చిత్తూరు డెయిరీకి
క్యాన్లు గలగలమనకుండా
క్లచ్చు తొక్కిన కాలు.

అన్న పోతాపోతా రాసిచ్చిన ఆస్ట్రేలియా బండిలో
ఆ కాలికి ఏం జెయ్యాలో తెలీలా.
ఉండేవి రెండే పెడళ్లు. బ్రేకేమో పలకంత వెడల్పు.
మొదటిరోజే గాంధీబొమ్మ కాడ
లేని క్లచ్చు కోసం దబీమని తొక్కింది రేణుకమ్మ.
ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారిగా మోకాళ్ల మీద పడినాయి.
వెనకసీట్లో తోతాపురి గంప బోర్లపడింది.
వెనకొచ్చే ఆటోవాడు
ఆమె ఏడు తరాలనూ తలుచుకున్నాడు.

"చెంగల్రాయా, దీనికి గేర్లు పెట్టు.
ఎడమకాలికి పని లేకపోతే
నాకు బండి తోల్తా ఉన్నట్టే ఉండదు."

వద్దని చెప్పి చూసినా.
మద్రాసు రేవులో దిగినప్పట్నుంచీ
దాని కడుపు ఎవురూ కొయ్యలా.
లివరు డీలో పెడితే చాలు,
నిద్రపోయే బిడ్డను ఎత్తుకున్నట్టు పోతాది అన్నా.
"నిద్రొచ్చేది నాకు" అనింది.
గోతంలోంచి ఇనప పెడలొకటి తీసి బల్ల మీద పెట్టింది.
పాలవ్యానుది. రబ్బరు ఎప్పుడో పోయి
బొటనవేలు ఆనే చోట
నున్నగా మెరస్తా ఉండాది.

పుస్తకం తెప్పిచ్చినాము.
అందులో అన్నీ ఎడంపక్క స్టీరింగు బండ్లే.
లారీ సైడు అద్దం ఊడదీసి గోడకు ఆనించి
పటాల్ని అందులో చూసుకుంటా పని జేసినా.
అక్షరాలు తిరగబడినాయి గానీ
బండి మాత్రం మన రోడ్డు మీదికొచ్చింది.
అద్దం గూడా చెప్పనిది ఒకటుండాది:
క్లచ్చు కడ్డీ దిగాల్సిన దారిలో
స్టీరింగు పెట్టె
పెండ్లిలో అలిగిన మామ మాదిరి కూర్చోనుంది.
కడ్డీని వొదిలేసి నూనె గొట్టం మళ్లిచ్చినా.
నూనెకు ఎముకల్లేవు,
యాడన్నా దూరతాది.

ఇంక నేల కొయ్యాల, గేరు కర్రకు చిల్లి.
కార్పెట్టు ఎత్తబోయి ఆగినా.
కుడికాలి చోట దారాలు తేలి
రేకు కనపడతా ఉండాది.
ఎడమకాలి చోట
కొత్త గుడ్డ. కొన్ననాటి మెరూన్ రంగు.
యాభై ఏండ్లలో ఒక్క మడమ గుర్తు లేదు.

అప్పుడు గుర్తుకొచ్చినాడు కోదండపాణి సారు,
చక్కెర మిల్లులో బాయిలర్ల మధ్య
ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచే మనిషి.
నాలుగో ఏట జొరమొచ్చి ఎండిపోయిన కాలు అది.
దాన్ని రెండు చేతుల్తో ఎత్తి లోపల పెట్టుకోని
ఒంటికాలితో మొగిలి ఘాటు ఎక్కినోడు.

రేణుకమ్మ పక్కనే నిలబడుకోనుండాది.
కొంచేపు ఏమీ అనలా.
"కొయ్యి" అనింది తర్వాత.
"గుడ్డ మాత్రం మళ్లీ అదే పరచు."

కంచు బుష్షు ఏకాంబరం లేతు మీద
మూడుసార్లు చెడి, నాలుగోది
వెంట్రుకంత బిగువుతో దిగింది.
పాత పెట్టె దించిన రోజు ఎర్ర నూనె కారితే
మా పిల్లోడు ఇస్మాయిల్
తన చేతులు తెగినాయేమోనని చూసుకున్నాడు.

పంతొమ్మిదో రోజు తాళం తిప్పినా.
ఉలుకూ లేదు, పలుకూ లేదు.
పెట్టె పోయిన సంగతి తీగలకు ఎవురూ చెప్పలా.
పార్కులో ఉండానని పాత లివరు చెప్పేదాకా
స్టార్టరు తిరగదంట!
రెండు తీగల్ని మెలిపెట్టి టేపు చుట్టినా.
షెడ్డు రేకులన్నీ అదిరినాయి.

ఘాటుకు తోలింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకోని.
మూడో మలుపులో మూడు నుంచి రెండుకు దించింది.
లేని క్యాన్లు
గలగలమనలేదు.

మూడు నెల్లకు క్లచ్చు లూజని వొచ్చింది.
వెల్లకిలా పండుకోని తల పెడళ్ల కిందికి దూర్చినా.
మెరూన్ గుడ్డ మీద, ఎడంపక్క,
రూపాయి బిళ్లంత చోటు
అప్పుడే నూగు పోయి పలచబడతా ఉండాది.

అరచుట్టు బిగిచ్చి లేచినా.
యాభై ఇమ్మంటే
ముప్పైకి బేరమాడింది.