మూడో త్రైమాసికం ఉత్తరం

సభ్యులకు,
ఈసారి అంకెలు అడుగున పెట్టాను, వెతుక్కోండి.
లాభం తగ్గింది. దాచేదేం లేదు.

నవంబరులో ఏరు వంతెన మీదికెక్కిన రాత్రి
మన రొట్టెల వ్యాను తోలే ఎడ్విన్ బ్రాత్‌వెయిట్
మందుల కొట్టు తాళాలడిగాడు.
ఎందుకని నేనడగలేదు.
తెల్లారేసరికి అవతలి గట్టున
పదకొండిళ్ళకి ఇన్సులిన్ చేరింది.
వ్యాను ఇంకా బురదలోనే ఉంది.
ఆ ఖర్చు రవాణా కింద రాశాం.

అంత్యక్రియల విభాగంలో ఓరియల్,
వెంట ఎవరూ రాని పెట్టె వెనక
ఒక్కతే నడిచింది, తన సెలవు రోజున.
దానికి ఏ పద్దూ దొరకలేదు.

ఇక గల్లాల సంగతి.
మనుషుల్ని తీసేసి యంత్రాలు పెడదామన్నది నేనే.
సభలో రెండో గల్లా వినిఫ్రెడ్ లేచి
లెక్కలేం చెప్పలేదు.
ఎవరి చెయ్యి ఈమధ్య వణుకుతోందో,
ఎవరు పాలసీసా తీసుకుని, ధర చూసి,
మళ్ళీ అరలో పెట్టేస్తున్నారో చెప్పింది,
పేర్లు మాత్రం మింగేసి.
ముందు వరుసలో ఒకాయన
టోపీ అంచు సవరించుకుంటూ కూర్చున్నాడు.

ఇక్కడ ఆమెదీ ఒక చెయ్యే, నాదీ ఒక చెయ్యే.
లెక్కపెట్టినప్పుడు
నాది పైకి లేచి లేదు.

వినిఫ్రెడ్ శుక్రవారం పని మానుకుంటోంది, ముప్పై ఒక్కేళ్ళకి.
వరదకి కాళ్ళు వంకరపోయిన ఆమె స్టూలు
పారేయమన్నాను.
ఎవరూ వినడం లేదు.

మీ దగ్గర జీతం తీసుకుంటున్న
ఎల్స్‌పెత్ థ్రెల్‌కెల్డ్

(పాలు సోమవారం నుంచి రెండు పెన్నీలు తక్కువ.)