ప్యారిస్ మీదుగా

లోమే టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో
నాది మూడో కుర్చీ. ఇరవై రెండేళ్లు.
చెవులకు నల్లటి తొడుగులు,
ఎదురుగా చిల్లుల బల్ల, చేతిలో ఎర్ర తీగ.

మా అక్క అక్పేనే ఉండేది కేటాలో.
అక్కడ నెత్తికెత్తుకున్న చేపల బుట్ట
వాసన మారకముందే మా సంతకొస్తుంది.
మధ్యలో ఒక గీత.
ఇటు ఫ్రెంచి, అటు ఇంగ్లీషు.
తిట్టుకునేది మాత్రం రెండువైపులా ఎవే భాషలోనే.

అక్కతో మాట్లాడాలంటే
ముందు ప్యారిస్‌ని లేపాలి.
ప్యారిస్ లండన్‌ని లేపుతుంది,
లండన్ అక్రాని, అక్రా కేటా పోస్టాఫీసుని.
అప్పుడు పోస్టుమాస్టరు ఒక పిల్లాణ్ణి పరిగెత్తిస్తాడు.
ముక్కేదంటే తలచుట్టూ తిప్పి చూపించడం
నాకు జీతమిచ్చి నేర్పారు.

చలి సముద్రాలు తిరిగొచ్చిన గొంతుతో
"ఏమే, నీ మాట తడిబట్టలా ఉంది" అనేది అక్క.
నవ్వుకునేవాళ్లం.
ఆ నవ్వుకీ నిమిషానికింతని
ప్యారిస్ లెక్క రాసుకునేది.

వింతేమిటంటే,
ఒక్కనాడూ ఇది నాకు వింతనిపించలేదు.
జెండా మారిన రాత్రి కూడా డ్యూటీలోనే ఉన్నాను.
కిటికీ బయట డప్పులు,
బల్ల మీద అవే చిల్లులు.
"హలో ప్యారిస్" అన్నాను.
"శుభాకాంక్షలు" అంది ప్యారిస్, మర్యాదగా.
"ఎవరు కావాలి?"

ఒక వానాకాలం, ఫోలి అనే తాపీమేస్త్రి వచ్చాడు.
తల్లి పోయింది. తమ్ముడు కేటాలో.
ప్యారిస్‌లో ఆ రోజు సమ్మె.
"లైను లేదు" అన్నాను.
"మధ్యలో ఏం అడ్డమొచ్చింది?"
"ప్యారిస్."
అతను నన్ను చూశాడు, బల్లని చూశాడు,
కిటికీలోంచి పడమటి కొబ్బరిచెట్లని చూశాడు.
చెప్పులు చేత్తో పట్టుకుని
ఇసుకలో నడుచుకుంటూ వెళ్లిపోయాడు.
నాకు చాలా కోపమొచ్చింది.
ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.
రశీదు తీసుకోకుండా పోయాడని అనుకుంటాను.

తెల్లారేసరికి కేటా చేరాడట.
అక్క చెప్పింది,
ఫోన్లో,
లండన్ మీదుగా.

మరుసటేడు కొత్త ఇంజనీరొచ్చాడు. మావాడే, సేనా.
తెల్లకాగితం పరిచి పెన్సిలిచ్చాడు.
"ఎన్యోనామ్ గారూ, తీగల సంగతి మీకు తెలిసినట్టు
ఇంకెవరికీ తెలీదు.
ఎటునుంచి ఎటుంటే బావుంటుందో గీయండి.
డబ్బు మాట మర్చిపోండి. మనిష్టం."

మనిష్టం.
ఆ మాటని వేడి దుంపముక్కలా
నోట్లో అటూ ఇటూ తిప్పాను.
లోమే అని చుక్క పెట్టాను.
పెన్సిలు కదిలింది,
పైకి, ఎడారి దాటి, నీళ్లు దాటి,
కాగితం అంచుదాకా.
పైన ఇంకో కాగితం అతికించమన్నాను,
ప్యారిస్‌కి చోటు చాల్లేదని.

సేనా నవ్వలేదు.
సొరుగు తీసి తను గీసినవి చూపించాడు.
నాలుగు కాగితాలు. అన్నీ పైకే.
ఒకదాంట్లో మాత్రం తీగ కాస్త లావుగా ఉంది.

చుక్కకి ఎడమపక్క, వేలెడు దూరంలో,
కాగితం తెల్లగా ఖాళీగా ఉంది.
కాఫీ కప్పులు అక్కడ పెట్టుకున్నాం.